పదకొండు అడుగులు

మంచం నుంచి బల్ల దాకా పదకొండు అడుగులు.
ఒక వానాకాలం మొత్తం
నైటీలోనే నడిచాను వాటిని.

డే అండ్ నైట్ జంక్షన్లో మా మేడమీద ఆఫీసుకి
అద్దె దండగని బోర్డు పీకేశారు.
కంప్యూటరొకటి, హెడ్‌సెట్టొకటి
అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపారు.
గుజరాతీపేటలో మా ముందుగదే
ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ.

ఆ నైటీకి పై బొత్తాం లేదు.
పిన్నీసు పెట్టుకుని
కాలిపోయిన కొట్లూ, నీళ్ళల్లో మునిగిన ఆటోలూ
వరసగా చదివేదాన్ని.
"గొంతు అలా ఉందేటి మేడం, జ్వరమా?"
పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి అడిగాడు.
జ్వరం కాదు.
మధ్యాహ్నం రెండైనా
మొహం కడుక్కోలేదు, అంతే.
పిన్నీసు ఫోన్లో వినబడుతుందని
నాకప్పటిదాకా తెలీదు.

ఆ రాత్రి బీరువా తీశాను.
మొదటి జీతంతో కొన్న పొందూరు చీర,
ఆవపువ్వు రంగు అంచుది,
మడత దగ్గర జానెడు చీరుకుపోయి ఉంది.
ఎవరూ లాగలేదు. మేకు తగల్లేదు.
కొన్నరోజు వడికే ముసలామె
వాలుగ చేప దవడతో దూది దువ్వుతూ
తల ఎత్తకుండానే అంది:
"దాసీకమ్మా. గుడ్డకి మనిసి ఏడి తగలాల.
నేపోతే అలిగి, మడత కాడ సిరిగిపోద్ది."
ఏదో మాటవరసకి అందనుకున్నాను.

చిరుగు లోపలి చుట్టులోకి పోయేలా
కట్టడం నేర్చుకోడానికి మూడు రోజులు పట్టింది.

తవిటయ్య బండి మా సందు మొగలోనే.
ఆఫీసులు ఇళ్ళల్లోకి దూరాక
అతని బొగ్గులూ సగం చల్లారాయి.
"ఏ ఊరెల్తన్నావమ్మా, రోజూ చీర తెస్తన్నావు?"
వేలు చూపించాను: "అదిగో, ఆ కిటికీ గదికి."
నవ్వుతాడనుకున్నాను.
పెట్టె ఊది, నిప్పు రేపి,
"కుర్సీలో కూకుంటే ఎనకాల నలిగిపోద్ది,
గంజి కొంచెం తగ్గించీమను మీయమ్మని" అన్నాడు,
దూరప్రయాణానికి జాగ్రత్త చెబుతున్నట్టు.

ఎవరు చూస్తారని, అంటుంది మా హైమ పిన్ని.
నిజమే, ఎవరూ చూడరు.
మీటింగులో మేమంతా నల్ల గళ్ళం,
గడికో పేరు.
నెట్ ఆగిపోకుండా కెమెరాలు కట్టేసుకుంటాం.
హెడ్‌సెట్టు ఎడమచెవిని నొక్కుతుంది గనక
జూకా కుడిచెవికే పెడతాను.
ఎడమది డబ్బాలోనే ఉంది, కొత్తగా.
నాకు అలా ఒక్కటే ఊగడం బాగుంటుంది.
అడిగేవాళ్ళు లేకపోవడం
అందులో సగం సుఖం.

మొన్న గురువారం కళింగపట్నం ఫైలు.
పడవ ఇంజను.
కట్టాల్సిన తేదీ నాలుగు రోజులు దాటిపోయింది.
రాదని చెప్పాలి.
నంబరు నొక్కబోయి ఆగి,
లేచి నిలబడి,
కుచ్చిళ్ళు సర్దుకున్నాను. పైట సరిచేసుకున్నాను.
ఆమెకి నేను కనబడను. డబ్బులూ రావు.
అయినా ఆ మాట
పిన్నీసు పెట్టుకుని చెప్పకూడదనిపించింది.
ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు.
వెనకాల సముద్రం వినిపిస్తూ ఉంది.
చివరికి "సర్లే అమ్మా, నివ్వేటి సేస్తావు" అని
తనే ఫోను పెట్టేసింది.

ఆరింటికి కంప్యూటరు ఆపేస్తాను.
ఆఫీసు మూసినట్టు కాదది.
చీర విప్పి, దులిపి,
మంచం మీద పరిచి మడతపెడతానే,
అప్పుడు మూసినట్టు.
నిన్నటి గీత మీద కాకుండా
దానికి రెండువేళ్ళు పక్కగా.